వెళ్ళొస్తానని అనలేదు

ఇలా దగ్గరికి జరగండర్రా, ఇది గట్టిగా చెప్పుకునే కథ కాదు.

బట్టలు కుట్టుకుని బతికే ఓ అక్క, పుట్టింట్లో చట్టప్రకారం తనకొచ్చే సగం వాటాను తమ్ముడికి వదిలేద్దామని రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చింది. చంకనేసుకుని తిప్పిన తమ్ముడాయె, అడగ్గానే సరేనంది. వచ్చిపోవడానికి ఆ ఇల్లుంటే చాలనుకుంది.

దస్తావేజు రాసేవాడు చదివి వినిపించాడు. “ఇకమీదట సదరు ఇంటితో నాకు ఏ సంబంధమూ లేదు.”

అక్క ఉలిక్కిపడింది. “వాటా వద్దన్నాను గానీ, సంబంధం వద్దన్నానా నాయనా?”

“అందరికీ అలాగే రాస్తామమ్మా. మాటవరసకే.”

“మాటవరసకైతే కొట్టేయండి. ఒరేయ్, నువ్వైనా చెప్పరా.”

“అబ్బా, అక్కా! గుండీ ఊడిందని చొక్కా చింపుకుంటావేంటి? పెట్టేయ్ సంతకం” అన్నాడు తమ్ముడు.

ఆమె వాడి చొక్కా వైపు చూసింది. తను కుట్టిందే. సంతకం పెట్టింది.

బయట వాడు బండి తీస్తూ “మరి ఉంటానక్కా” అన్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ పుట్టింటి గడప దిగేటప్పుడల్లా “వెళ్ళొస్తాన్రా” అనే మనిషి, ఆ రోజు “వెళ్తాన్రా” అంది. వాడికి తేడా తెలియలేదు.

మీరీ కథ ఎవరికైనా చెబితే, ఆ ఒక్క మాటా మార్చకుండా చెప్పండర్రా.