చెవి కింద నెలవంక

ఆ వీధిలో ఆవిడను అందరూ నాణేల మేడమ్ అంటారు. మ్యూజియంలో నాణేల గదిలో ఇరవై రెండేళ్లు పనిచేసి, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక మానేసి, ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకుంది. పాత నాణెం ఎవరు తెచ్చినా అసలుదో నకిలీదో తేల్చి, సంతకం పెట్టి కాగితం ఇస్తుంది. భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆవిడా, చెవులు సరిగా వినపడని అత్తగారూ.

ఆ మధ్యాహ్నం మూడింటికి యాభై దాటిన మనిషొకడు వచ్చాడు. బస్సు డ్రైవర్నన్నాడు. లోపలికి రాగానే తలుపు వేసి గడియ పెట్టాడు. కుడిచెయ్యి జేబులోంచి తియ్యకుండానే, ఎడమచేత్తో ఒక రుమాలు మూట బల్ల మీద పెట్టాడు.

"ఇది అసలుదో కాదో చెప్పండి మేడమ్. కాగితం అక్కర్లేదు. నోటితో చెప్తే చాలు."

కాగితం వద్దన్నవాడు అంతవరకూ ఆవిడ గుమ్మం తొక్కలేదు. మూట విప్పింది. బంగారు నాణెం. ఒకవైపు రోమను చక్రవర్తి తిబేరియస్ తల, రెండోవైపు కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. చక్రవర్తి చెవి కింద నెలవంకలా సన్నటి గీత.

ఆ గీతను ఆవిడ అరచేతి గీతల్లా ఎరుగును. పది రోజుల కిందట మ్యూజియంలో మూడు బంగారు నాణేలు పోయాయి. వాటిలో ఇదొకటి. అడ్డొచ్చిన కాపలాదారు తలకు దెబ్బ తగిలి ఇప్పటికీ స్పృహలేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు.

ఒక్కటే ఆశ. మ్యూజియం గేటు దగ్గర కొట్లో ఈ నాణేనికి పోత పోసిన నమూనాలు అమ్ముతారు. అసలు నాణెం మీద అచ్చు తీసినవే కాబట్టి వాటి మీదా ఈ గీత ఉంటుంది. ఇది అలాంటిదే అయితే బతికిపోయినట్టే.

"కొంచెం టైం పడుతుంది," అంది.

"పట్టనివ్వండి. నేనెక్కడికీ పోను."

త్రాసు మీద పెడుతుంటే నాణెం వేళ్లలోంచి జారి ఠంగుమంది. అతను ఉలిక్కిపడ్డాడు, ఆవిడ అంతకన్నా ఉలిక్కిపడింది. ఏడు పాయింట్ డెబ్బై రెండు గ్రాములు. నమూనాలు దీనికన్నా చాలా తేలిక. దారానికి కట్టి నీళ్లలో వేలాడదీసి మళ్లీ తూచింది. లెక్క మేలిమి బంగారానికే సరిపోయింది. బంగారంతో పోత పోశారేమోనని ఇక భూతద్దం తీసుకుంది. పోత పోసినదైతే అంచున అతుకు గీత ఉండాలి, అక్షరాల సందుల్లో సూదిమొనంత గుంటలుండాలి. అంచంతా రెండుసార్లు తిప్పి చూసింది. అతుకు లేదు, గుంటలూ లేవు. ఆ కాలంలో అచ్చుల మధ్య పెట్టి కొట్టిన సుత్తి దెబ్బకి లోహం అంచు వైపు పాకిన సన్నటి చారలు మాత్రం స్పష్టంగా కనిపించాయి.

భూతద్దం కంటి దగ్గర నుంచి తియ్యాలంటే భయం వేసింది. తీస్తే అతను తన మొహం చూస్తాడు. చూస్తే తెలిసిపోతుంది. జేబులో ఆ చెయ్యి కదులుతూనే ఉంది. కత్తా? ఇంకేమన్నానా?

అప్పుడే లోపలి గదిలోంచి అత్తగారు కర్ర తాటించుకుంటూ వచ్చింది. బల్ల మీదికి వంగి నాణెం చూసి, వీధి చివరికి వినపడేంత గొంతుతో అంది:

"అమ్మాయ్, పేపర్లో బొమ్మ వేశారే, వీడు మీ మ్యూజియంలో పోయిన రాజుగారు కాదూ?"

ఆవిడ లేచి అత్తగారికి అడ్డంగా నిలబడింది. అతను జేబులోంచి చెయ్యి తీశాడు.

చేతిలో ఏమీ లేదు. ఆ చెయ్యి గజగజ వణుకుతోంది. అది కనపడకూడదనే దాచుకున్నాడు.

"నకిలీ అని చెప్పండమ్మా," అన్నాడు. "మా తమ్ముడు అక్కడే అద్దాలు తుడుస్తాడు. వాడి బూటులో దొరికింది. కొట్లో కొన్న బొమ్మ నాణెం అన్నాడు. ఆ మాట నిజమని ఒక్కసారి అనండి."

నోటిదాకా వచ్చింది అబద్ధం. కాపలాదారు భార్య టీవీలో ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది.

"అసలుదే," అంది.

అతను కుర్చీలో కూలబడ్డాడు.

"తలుపెందుకు వేశారు?"

"వాడు నా వెంటపడ్డాడేమోనని. చిన్నప్పట్నుంచీ ఎత్తుకు పెంచినవాణ్ణి చూసి నాకే భయమేస్తోందమ్మా. గంట టైమివ్వండి, వాణ్ణి నేనే తీసుకొస్తా."

"అరగంట. ఆపైన ఫోన్ చేసేస్తాను."

నాణెం అక్కడే వదిలి వెళ్లాడు. ఆవిడ గడియ పెట్టి, బల్లను తలుపుకి అడ్డంగా జరిపి, అత్తగారిని లోపలి గదిలో కూర్చోబెట్టింది. గడియారం ముల్లు కదలనే కదలదు. తప్పు చేశానా? అన్నదమ్ములిద్దరూ ఒకటైపోతే?

ఇరవై నిమిషాలకు తలుపు తట్టిన చప్పుడైంది.

"మేడమ్, తియ్యండి."

అన్న గొంతు కాదు. కుర్ర గొంతు. ఆవిడ ఫోన్ తీసి పోలీసుల నంబరు నొక్కుతూనే గట్టిగా అడిగింది, "మీ అన్నయ్యేడి?"

"నాకోసం వెతుకుతున్నాడు. ఇక్కడికొచ్చాడని ఇంట్లో తెలిసి నేనే వచ్చా."

కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. ఆవిడ కెవ్వుమంది. ఆ చెయ్యి ఒక చిన్న పొట్లం గట్టు మీద పెట్టి వెనక్కి పోయింది.

"మిగతా రెండూ అందులో ఉన్నాయి. ఆయన్ని తోశాను మేడమ్, కొట్టలేదు. మెట్ల మీద పడ్డాడు. బతుకుతాడా?"

ఆవిడ తలుపు తియ్యలేదు. ఫోన్‌లో చిరునామా చెప్పింది, బయటివాడికి వినపడేలాగే చెప్పింది. వాడు పారిపోలేదు. కాసేపటికి పరుగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు, చెంపదెబ్బ, వెంటనే ఇద్దరి ఏడుపూ వినిపించాయి. పోలీసు జీపు వచ్చేదాకా అన్నదమ్ములు గుమ్మం మెట్టు మీదే కూర్చున్నారు.

కాపలాదారు నాలుగో రోజున కళ్లు తెరిచి, తనను తోసిందెవరో చెప్పాడు. తమ్ముడికి శిక్ష పడింది. కోర్టులో నాణెం గుర్తుపట్టడానికి వెళ్లిన రోజున అన్న ఆవిడకు దణ్ణం పెట్టాడు. ఆవిడా తిరిగి దణ్ణం పెట్టింది. ఇంటికొచ్చాక ఎన్నాళ్లపాటో, పట్టపగలు ఎవరు తలుపు తట్టినా, ముందు అత్తగారు ఎక్కడుందో చూసుకుని గానీ గడియ తీసేది కాదు.