మిగిలిన మందు

చెత్తబుట్ట బయట పెట్టబోతుంటే వీధికుక్క ఆమె పిక్క పట్టుకుంది. సబ్బుతో పావుగంట కడుక్కుని లోపలికొస్తే, టీవీ ముందున్న భర్త తల తిప్పకుండానే, "ఇంజెక్షన్లు ఇచ్చేదానివి, నీకేం భయం? రేపు అక్కడే వేసుకో. ముందు అన్నం పెట్టు," అన్నాడు.

నిజమే, ఆసుపత్రిలో కుక్కకాటుకు సూదులు వేయడమే ఆమె ఉద్యోగం. కానీ ఆ గదికో పద్ధతుంది. రోజుకి ఇచ్చేవి పదే సీసాలు. ఒక్కోటి ఇద్దరికి సరిపోతుంది, తెరిచాక అట్టే ఆగదు. ఆఖరి సీసాలో ఒకరి మందు మిగిలితే తను వేసుకుందామనుకుంది. తలుపు వేసే వేళకి ఓ తాత రొప్పుతూ వచ్చాడు. ఇచ్చేసింది. మర్నాడు ఎవరో తల్లి, చంకలో పిల్లతో. ఒక్కరోజు ఆలస్యమైతే రోగుల్ని ఉతికి ఆరేసే మనిషి, తన సంగతి వచ్చేసరికి రేపు చూద్దాంలే అనుకుంది. ఇంట్లోనూ అంతేగా, గిన్నె అడుగున ఏముంటే అదే ఆమె భోజనం. ఎంత అలసిపోయిందంటే, భయపడటానికి కూడా ఓపిక లేదు.

మూడో రోజు పొద్దున గాయం కడుక్కుంటుంటే అత్తగారు చూసింది.

"ఇంకా వేయించుకోలేదా? మా రోజుల్లో అయితే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. మీ మామగారికి రోజుకొకటి వేశారు. పొట్ట వాచిపోయి ఎంత గోల పెట్టేవారో."

ఆ పాత మందును గొర్రె మెదడు నుంచి తీసేవారని ఆమె నర్సింగు చదివేటప్పుడు విన్నది. అదే చెప్పబోయింది.

"మీ మామగారిని కరిచిన కుక్కే అప్పుడు నన్నూ కరిచింది," అంది అత్తగారు, గొంతు తగ్గించి. "ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరం ఆసుపత్రికి పోతే వంటెవరు చేస్తారు? ఏడాది పాటు మంచినీళ్ళ గ్లాసు ఎత్తాలంటే భయమేసేది. మింగుడు పడుతుందో లేదోనని."

కోడలికి ఏడుపొచ్చింది. అత్తగారి మీద జాలో, తన మీద కోపమో తెలియలేదు.

ఆసుపత్రికి వెళ్ళేసరికి వరుస గుమ్మం దాటింది. ఆమె మొదటి సీసా తీసి తోటి నర్సు చేతికిచ్చి, రోగుల స్టూలు మీద కూర్చుని భుజం చూపించింది.

"పొద్దుటినుంచి నించున్నాం. ఇక్కడ కూడా మీవాళ్ళకే ముందా అమ్మా?" అన్నాడు వరుసలో మొదటివాడు.

"నన్ను కరిచి మూడు రోజులైందయ్యా," అందామె. "ఈ వరుసలో అందరికంటే ముందునుంచీ నిలబడింది నేనే."