పొయ్యి దేవత వాటా

వండిన మనిషికి మొదటి ముద్ద దక్కదు. ఆ ఇంట్లో అది ఎప్పుడో తేలిపోయిన విషయం, దాని మీద వాదన లేదు. ముందు అత్తగారు, తర్వాత భర్త, గిన్నె అడుగున మిగిలితే ఆమె.

ఆమె కాలేజీలో పాఠం చెబుతుంది. సాయంత్రాలు పరిశోధన. వేల ఏళ్ళ కిందట ఎక్కడో ఒక జాతి కొలిచిన పొయ్యి దేవత మీద. ఏ బలి ఇచ్చినా, ఏ విందు చేసినా మొదటి వాటా ఆవిడదే. మిగతా దేవుళ్ళు యుద్ధాలు చేశారు, ప్రేమించారు, అలిగి కొండలెక్కారు. ఈవిడ ఇల్లు కదల్లేదు. అందుకే ఈవిడకు కథలు లేవు.

"గడప దాటని మనిషి గురించి ఏం రాస్తావమ్మా?" అన్నాడు గైడు మొదట్లోనే.

ఆ దేవతను ఈ కాలంలో మళ్ళీ కొలుస్తున్న ఆడవాళ్ళు కొందరు తన ఊళ్ళోనే ఉన్నారని తెలిసి వెళ్ళింది. చూడాలి, పూజలో చెయ్యి కలపకూడదు: గైడు పెట్టిన నియమం. కుట్టుపని చేసే ఒకావిడ వంటింట్లో జరిగింది పూజ. ఆవిడ మొదటి ముద్ద తీసి ఈమె చేతిలో పెట్టి, "నువ్వే వెయ్యి తల్లీ, వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉన్నావు" అంది. ఈమె నిప్పులో వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్లనా? పొగ అంత లేదు. తను నిలబడి ఉండటం ఎవరో ఒకరు చూశారనా? తెలియలేదు. వేశానని మాత్రం దాచకుండా తన థీసిస్‌లో ఒక అధ్యాయంలో రాసింది.

మర్నాటి నుంచి ఇంట్లో వండగానే చెయ్యి దానంతట అదే ఒక ముద్ద తీసి పొయ్యి పక్కన పెట్టసాగింది.

"ఎవరికే అది?" అంది అత్తగారు.

"పిల్లికి, అత్తయ్యా."

"మనకి పిల్లెక్కడిది?"

భర్త నవ్వాడు. "వాళ్ళ పొయ్యి దేవతకి లేమ్మా. చదివితే ఎవరికైనా జ్ఞానం వస్తుంది. నీ కోడలికి పూనకం వస్తోంది."

మౌఖిక పరీక్ష రోజున గైడు వరండాలోనే ఆపాడు. "మొక్కలేదని ఒక్క ముక్క చెప్పు. డిగ్రీ చేతికొస్తుంది, ఉద్యోగం పర్మనెంటవుతుంది. ఎందుకొచ్చిన గొడవ?"

లోపల పరీక్ష చేసే పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకున్నాడు. "మీరు చూడ్డానికి వెళ్ళారా, మొక్కడానికి వెళ్ళారా?"

నిప్పులో వేసినప్పుడు మొక్కిందా? ఏమో. మరి రోజూ ఇంట్లో ఇద్దరికి వడ్డించి, వాళ్ళు లేచేదాకా గోడకానుకుని నిలబడుతుందే, అది మొక్కడం కాకపోతే ఏమిటి? ఇన్నేళ్ళలో వాళ్ళ మీద నీకు నమ్మకం ఉందా అని ఒక్కరైనా అడిగారా? పోనీ, ఉందా? అదీ తెలియదు. తెలిసినట్టు కనిపించడమే ఇన్నాళ్ళ చదువా?

"తెలీదండీ" అంది.

"అలాగైతే ఎలాగమ్మా? ఆ అధ్యాయం తీసేసి తీసుకురండి."

"తియ్యనండీ."

ఆ మాట ఎవరన్నారో ఒక క్షణం ఆమెకే అర్థం కాలేదు. గైడు తల పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. వంట దించేసరికి భర్త గుమ్మంలోకి వచ్చాడు. "గైడు ఫోన్ చేశాడు. నోటిదాకా వచ్చింది నేలపాలు చేశావటగా!" పొయ్యి పక్కకు చూశాడు. ఖాళీగా ఉంది. "దేవత మీద అలిగావా? ముద్ద పెట్టలేదే ఇవాళ?"

"పెట్టాను."

"ఎక్కడ?"

ఆమె నములుతోంది. అది భక్తో, ఆకలో, ఒట్టి మొండితనమో ఆమెకు తేలలేదు. మింగి, రెండో ముద్ద కలుపుకుంది.