రెండు తాళాల పెట్టె

పెళ్ళై ముప్పై ఎనిమిది రోజులైంది. అందులో నిస్సీ తన మొగుడితో గడిపినవి పాలకొల్లులో పదకొండు రోజులు, కువైట్ తిరిగొచ్చాక మూడు శుక్రవారాలు. ఇది నాలుగోది. మిష్రిఫ్‌లోని ఒక విల్లాలో ఆమె మంచం పట్టిన ముసలావిడని చూసుకుంటుంది. మొగుడు బ్లెస్సన్ ఖైతాన్‌లో ఆరు మంచాల గదిలో ఉంటూ ఏసీలు బిగించే పని చేస్తాడు. వారానికొక్క శుక్రవారం, అదీ సాయంత్రం ఐదింటి దాకానే ఆమెకి సెలవు. చర్చి అయ్యాక మూడు వారాలూ వాళ్ళు బస్టాపుల్లో, సముద్రం ఒడ్డు బెంచీల మీద కూర్చున్నారు. డిగ్రీ చదివిన పిల్లే అయినా నిస్సీ చిన్నచిన్న వాటికే మురిసిపోతుంది. బస్టాపులో ఏసీ ఉందని కూడా ఒకరోజంతా సంబరపడింది.

పెళ్ళి సంగతి విల్లాలో తెలియదు. తమ్ముడి పెళ్ళని చెప్పి సెలవు తీసుకుంది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పనిలో చేర్చుకున్న రోజే తేల్చి చెప్పింది: పెళ్ళి, కడుపు, పిల్లలు అన్నావంటే ఖలాస్, మర్నాడే విమానం ఎక్కిస్తాను. ఊరికే అన్న మాట కాదు. నిస్సీకి ముందు ఆ ఇంట్లో పనిచేసిన వెంకటేశ్వరిని అలాగే పంపేశారు. ఆవిడ దువ్వెన ఇంకా పనిమనిషి గది కిటికీలోనే ఉంది.

"ఇవాళ నిన్ను పబ్బుకి తీసికెళ్తున్నా," అన్నాడు బ్లెస్సన్ చర్చి గేటు దగ్గర.

"అయ్ బాబోయ్! పాస్టరుగారు వింటారు, మెల్లిగా అనండి."

"మందుండదే పిచ్చిమొహమా. ఈ దేశంలో మందెక్కడిది? పేరే పబ్బు. గ్లాసులో నురగొస్తుంది, తాగితే సోడా."

సిటీలో పాత బజారు వెనక ఉందది. అరవై ఏళ్ళ కిందట కట్టిన బ్యాంకు. నలుగురు మనుషుల ఎత్తు స్తంభాలు, ఇత్తడి పిడుల తలుపులు, లోపల నల్లా తెల్లా పాలరాతి నేల. డబ్బులిచ్చే కిటికీల వెనక ఇప్పుడు గుమాస్తాలకి బదులు రంగురంగుల సీసాలున్నాయి. నిస్సీ తల వెనక్కి వాల్చి పైకప్పులోని పూలు చూస్తూ గడపలోనే ఆగిపోయింది.

"ఏం మ్మా, ఆడ్నే నిలబడిపోతివే? లోపలికి రా. ఈ పొద్దు ఈ బ్యాంకుకు నువ్వే యజమానురాలివి."

ఎర్ర కోటు వేసుకుని, కుచ్చు టోపీ పెట్టుకుని నవ్వుతున్న ఆ యాభై ఏళ్ళ మనిషి జిలానీ బాషా. రాయచోటి దగ్గరివాడు. ఖైతాన్ గదిలో బ్లెస్సన్ పై మంచం ఆయనదే. ఈ హాల్లో ఏసీ పనికి బ్లెస్సన్ కంపెనీని పిలిపించిందీ, ఇవాళ సగం ధరకి టేబుల్ ఇప్పించిందీ ఆయనే.

"ఆ టోపీ ఏంటి భాయ్, పెళ్ళి బ్యాండు వాయించేవాళ్ళలాగ!" అన్నాడు బ్లెస్సన్.

"నగు నాయనా, నగు. ఈ టోపీకే నాకు జీతం. ఇంగ ఫోన్లు ఇయ్యండి."

అది అక్కడి ఆచారం. వచ్చినవాళ్ళు ఫోన్లని పాత లాకర్లలో దాచి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి. గోడ పొడవునా చిన్న చిన్న ఉక్కు తలుపులు, వాటి మీద ఇత్తడి అంకెలు. ఒక్కో పెట్టెకి రెండు తాళంచెవులు. ఒకటి వచ్చినవాళ్ళ దగ్గర, ఒకటి జిలానీ దగ్గర. రెండూ ఒకేసారి తిప్పితేనే తెరుచుకుంటుంది.

"మా ఇద్దరివీ ఒకే పెట్టెలో పెట్టండన్నా," అంది నిస్సీ. నూట పద్నాలుగో నంబరు ఆమే ఎంచుకుంది. జిలానీ, ఆమె పక్కపక్కన నిలబడి తాళాలు తిప్పారు. లోపల ఏదో బరువుగా కదిలిన చప్పుడుకి ఆమె చప్పట్లు కొట్టింది. బ్లెస్సన్ బతాకా అతని పర్సులో ఉంది. నిస్సీ బతాకా, అంటే ఈ దేశంలో మనిషి మనిషేనని చెప్పే ఆ చిన్న కార్డు, అందరు పనిపిల్లల్లాగే ఫోన్ కవరు వెనక పెట్టుకుంటుంది. ఆ సంగతి ఆమెకి అప్పుడు గుర్తు రాలేదు.

ఆమె ముచ్చట చూసి జిలానీకి హుషారొచ్చింది. "రా మ్మా, ఇంకోటి సూపిస్తా," అని హాలు చివరికి తీసుకెళ్ళాడు. మూరెడు మందం ఉక్కు తలుపు, దానికి బస్సు స్టీరింగంత చక్రం. పూర్వం బంగారం దాచిన గది. ఇప్పుడు అందులో పంచదార బస్తాలు, కాగితం రుమాళ్ళ అట్టపెట్టెలు. పెట్టెల వెనక గోడకి కలిసిపోయినట్టున్న ఇనుప పలకని జిలానీ వేళ్ళతో లాగాడు. వెనక మనిషి కూర్చునేంత జాగా. కింద ఒక చాప, దాని మీద మడిచిన జానమాజు.

"బంగారం తూకమేసేవోడు ఈడ కూసునేవోడంట. నమాజుకు నాకింత సోటు దొరికింది. సేట్‌కు గూడా తెలీదు మ్మా ఇది. నీకొక్కదానికే సూపించినా."

"దేవుడు మీ కోసమే కట్టించి పెట్టాడన్నా," అంది నిస్సీ. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది.

టేబుల్ దగ్గరికి నురగ గ్లాసులొచ్చాయి. ఆమె పై పెదవి మీద మీసంలా నురగ అంటితే బ్లెస్సన్ తుడవబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపి, "ఉండనివ్వండి, కాసేపు మగరాయుణ్ణవుతాను," అంది. బల్ల కింద వాళ్ళ మోకాళ్ళు తగులుతున్నాయి. గోడ మీది పాత బ్యాంకు గడియారంలో రెండూ ఇరవై. ఇంకా రెండు గంటలు తనవి అనుకుంది.

"జిలానీ అన్నకి కాగితాలన్నీ ఉన్నాయా అండి?"

"ఎక్కడ! ఇఖామా కాగితంలో, వీసా ఇచ్చిన ఎవడో కఫీల్ ఇంట్లో డ్రైవరని ఉంటుంది. కారు ఎక్కి ఎన్నేళ్ళయిందో. వేరే చోట పని చేస్తూ దొరికితే పంపించేస్తారు. ముగ్గురాడపిల్లల్లో ఇద్దరి చదువులు ఇంకా అవలేదు పాపం."

అప్పుడే ముందు తలుపు తెరుచుకుంది. మామూలు బట్టల్లో నలుగురు మగవాళ్ళు, వెనక ఒక యూనిఫారం. హాల్లో మాటలన్నీ ఒక్కసారి ఆగాయి. చెకింగ్. జిలానీ టోపీ తీశాడు. పరిగెత్తలేదు. ఖాళీ ట్రే ఒకటి చేతిలోకి తీసుకుని, వంటింటికి వెళ్ళేవాడిలా హాలు చివరికి నడిచాడు. బంగారం గది తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాడు. నిస్సీ చూపుతో ఆయన చూపు కలిసింది. తర్వాత ఆయన కనబడలేదు.

టేబుల్ దగ్గరికొచ్చిన అధికారి మర్యాదస్తుడు. బ్లెస్సన్ కార్డు చూసి తిరిగిచ్చేశాడు. "నీది?" అన్నాడు నిస్సీని.

ఆమె లాకర్ల గోడ వైపు వేలు చూపించింది. తాళంచెవి చూపించింది. రెండో తాళం గురించి తన చేతనైన అరబిక్‌లో చెప్పింది. రోజంతా ముసలావిడతో మాట్లాడీ మాట్లాడీ నేర్చుకున్న అరబిక్ అది. బ్లెస్సన్‌కి నాలుగు మాటలకి మించి రాదు.

"రెండో తాళం ఎవరి దగ్గరుంది?"

మేనేజరు లెబనాన్ వాడు. చేతులు తిప్పాడు. టోపీవాడి దగ్గరే అన్నీ, బయటికి పోయుంటాడు అన్నాడు. అధికారి గడియారం చూసుకున్నాడు. బయట బస్సు ఆగి ఉంది. అద్దాల వెనక అప్పటికే ఆరేడు మొహాలు. ఈ అమ్మాయిని బస్సెక్కించండి, కార్డు తర్వాత స్టేషనుకి తెచ్చుకోవచ్చు, ఈలోగా కఫీల్‌కి ఫోన్ చేసి కనుక్కుంటాం అన్నాడు. ఆ మాట చాలా మామూలుగా అన్నాడు.

నిస్సీకి వీసా ఇచ్చిన కఫీల్ అంటే మామా భర్త. ఫోన్ మోగుతుంది. ఎక్కడ దొరికింది? పబ్బులో. ఎవరితో? నిస్సీకి కిటికీలో ఉన్న దువ్వెన గుర్తొచ్చింది.

"సార్, మై వైఫ్, సార్," అంటున్నాడు బ్లెస్సన్. "ఫైవ్ మినిట్స్ సార్." ఎవరూ వినట్లేదు. అతను ఆమె వైపు తిరిగి, "భాయ్ ఎటు పోయాడో చూశావా?" అన్నాడు.

యూనిఫారం మనిషి ఆమె మోచెయ్యి ముట్టుకున్నాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. బల్ల మీద ఆమె గ్లాసులో నురగ ఇంకా దిగలేదు.

నిస్సీ అధికారి దగ్గరికి వెళ్ళి మెల్లిగా అరబిక్‌లో చెప్పింది. ఆ గదిలో. అట్టపెట్టెల వెనక. గోడలా ఉంటుంది గానీ తలుపే. తన అరబిక్ అంత శుభ్రంగా ఎప్పుడూ పలకలేదు.

జిలానీని తీసుకొచ్చేటప్పటికి ఆయన కాళ్ళకి చెప్పుల్లేవు. ఎర్ర కోటు మీద పంచదార పొడి. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. లాకర్ల గోడ దగ్గరికి తనే నడిచాడు. తాళంచెవుల గుత్తిలోంచి నూట పద్నాలుగు వెతికి పెట్టి, ఆమె కోసం ఆగాడు. నిస్సీ వెళ్ళి పక్కన నిలబడాల్సొచ్చింది. ఆయన భుజం ఆమె భుజానికి తగిలింది. ఇద్దరూ ఒకేసారి తిప్పారు. లోపల అదే చప్పుడు.

"తీసుకో మ్మా," అన్నాడాయన. "కార్డు ఉండాదో లేదో సరి సూసుకో."

ఉంది. అధికారి దాన్ని చూసి, థాంక్యూ అని తిరిగిచ్చాడు. చెప్పులు తెచ్చుకుంటానని జిలానీ అడిగితే, యల్లా, నడు అన్నాడు యూనిఫారం మనిషి. బ్లెస్సన్ తన చెప్పులు విప్పి ఇవ్వబోయే లోపు బస్సు తలుపు మూసుకుంది.

మిష్రిఫ్ వెళ్ళే బస్సులో వాళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. ఫోన్లో ఆమె ఉదయం తీసిన ఫోటోలున్నాయి. చర్చి గేటు, అతని కొత్త చొక్కా, స్తంభాలు. ఆమె ఫోన్ తెరవలేదు.

బ్లెస్సన్ అడిగాడు. "అరబిక్‌లో ఏం చెప్పావు?"

అబద్ధం చెప్పొచ్చు. అతనికి భాష రాదు.

"ఎక్కడున్నాడో చెప్పానండి. ఆ చోటు నాకు ఆయనే చూపించాడు. నాకొక్కదానికే."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. రోడ్డు పక్కన ఏమీ లేదు, ఎండ తప్ప. "నాకు తెలిసుంటే నేనే చెప్దును," అన్నాడు. అది తనని ఓదార్చడానికి అన్నాడో, నిజమో ఆమెకి తెలియలేదు. మొగుడి గొంతు వినగానే తెలిసిపోయేటంత కాలం వాళ్ళింకా కలిసి బతకలేదు.

"ఇప్పుడేం చేస్తారు ఆయన్ని?"

"నాలుగైదు రోజులుంచి పంపేస్తారు. పెట్టె మనమే సర్ది తీసికెళ్ళి ఇవ్వాలి. రూములో ఎవరు దొరికినా మిగిలినవాళ్ళు చేసేది అదే." మళ్ళీ అన్నాడు, "పై మంచం కదా, నేనే సర్దుతాను."

"పిల్లలకేమన్నా కొని పెట్టమంటారా అందులో?"

అతను తల అడ్డంగా ఊపాడు.

విల్లా ఉన్న వీధికి రెండు వీధుల ముందే దిగింది, ఎప్పటిలాగే, ఎవరూ కలిపి చూడకూడదని. ప్రతివారం బస్సు మలుపు తిరిగేదాకా అతను కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. ఇవాళ కూడా ఊపాడు. గేటు దగ్గర మామా తోటకి నీళ్ళు పెట్టిస్తోంది. గడియారం చూసి, పది నిమిషాలు ముందే వచ్చావు, మంచి పిల్లవి అంది. నిస్సీ బతాకాని ఫోన్ కవరులోంచి తీసి జాకెట్టులో దోపుకుని, ముసలావిడకి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.