లేచి వెళ్ళమన్న పాట

నేను ఒక మైకు గొట్టాన్ని. కూర్చున్న మనుషుల్ని లేపి పంపేయడానికి నా చేత సంగీతం పాడించారు. దేవుడి పటానికి దణ్ణం పెట్టి కొట్టు తెరిచే పెద్దమనుషులు చేసిన పని అది. జరిగిందా లేదా అని వాదించేదేమీ లేదు. జరిగింది.

రేకును సాగగొట్టి, పువ్వులా విప్పి, బూడిద రంగు పూసి నన్ను చేశారు. జంటగా చేశారు. ఒక మైకుసెట్టు అతను ఇద్దరినీ కొన్నాడు. పెళ్ళి సన్నాయి, హరికథ, తప్పిపోయిన గేదె సంగతి, ఓట్ల ప్రచారం అన్నీ మా నోటితోనే. పొద్దున ఒక పార్టీని పొగిడి, సాయంత్రం అదే ఆటో మీద ఇంకో పార్టీని పొగిడేవాళ్ళం. మమ్మల్ని ఎవరూ సిగ్గులేనివాళ్ళనలేదు. ఆ మాట మనుషులు ఒకరినొకరు అనుకోవడానికి దాచుకున్నారు.

అలాంటి ఊరేగింపులోనే రెండోది ఆటో మీంచి పడి పగిలింది. గోతంలో వేసి పట్టుకుపోయారు. ఒంటి గొట్టాన్ని పెళ్ళివాళ్ళు అద్దెకు తీసుకోరు. మైకుసెట్టు అతను నన్ను గడియారం సెంటర్లోని కాంప్లెక్సు వాళ్ళకి అమ్మేశాడు.

ఆ కాంప్లెక్సు మెట్లు కూలీల అడ్డా. తెల్లారేసరికి రంగులవాళ్ళు, తాపీవాళ్ళు, మట్టి మోసే ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. మేస్త్రీలు వచ్చి కావలసినవాళ్ళని తీసుకుపోయేవాళ్ళు. మిగిలినవాళ్ళు మెట్ల మీదే పొద్దుపుచ్చేవాళ్ళు. పేకాడేవాళ్ళు, పొగాకు ఉమ్మేవాళ్ళు, కొందరు తాగేవాళ్ళు, తాగాక కొట్టుకునేవాళ్ళు. కొట్లవాళ్ళకి ఒళ్ళు మండిందంటే తప్పుపట్టను. తర్వాత వాళ్ళు చేసినదాన్ని తప్పుపడతాను.

కొట్లవాళ్ళ సంఘానికి పిచ్చేశ్వరరావు అధ్యక్షుడు. స్టీలు సామాన్ల వ్యాపారం. పరాయి దేశాల్లో రైలు స్టేషన్ల దగ్గర శాస్త్రీయ సంగీతం పెడితే అల్లరిమూకలు ఉండలేక లేచిపోతున్నారని పేపర్లో చదివాడు. కర్రతో తరిమితే గొడవ, సంగీతంతో తరిమితే సంస్కారం అనుకున్నాడు. నన్ను గుమ్మం పైన బిగించి, ఒక సన్నాయి కచేరీ పెన్‌డ్రైవులో ఎక్కించి, కొట్లు తెరిచే వేళకి పెట్టమని వాచ్‌మన్ జిలానీకి చెప్పాడు. తను మాత్రం చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

కూలీలు కదల్లేదు.

"ఏందక్కా, పెళ్ళెవరిది?" అన్నాడు రంగులేసే దానియేలు.

"నీదేరా. పిల్ల నిన్ను చూసి పారిపోయింది, మేళం మిగిలింది" అంది ఒకామె.

తాగి అరిచేవాళ్ళు కూడా సన్నాయి కింద కునుకు తీశారు. పిచ్చేశ్వరరావు శబ్దం పెంచమన్నాడు. అప్పుడు చెవులు నొప్పెట్టింది కొట్లవాళ్ళకే.

ఆ మెట్ల మీద గురువులు అనే మనిషి ఉండేవాడు. విజయనగరం వైపు నుంచి పెళ్ళాం పైడమ్మతో పనికి వచ్చినవాడు. తాపీ పనిలో ఉండగానే పక్షవాతం వచ్చి చెయ్యి స్వాధీనం తప్పింది, మతి చెదిరింది. ఇంట్లో ఉంచితే ఎటో వెళ్ళిపోయేవాడు. అందుకని పైడమ్మ రోజూ వెంట తెచ్చి మెట్ల మీద కూర్చోబెట్టి పనికి పోయేది. మిగిలిన కూలీలు ఓ కన్నేసి ఉంచేవాళ్ళు. అయినా రెండు మూడుసార్లు సెంటర్ దాటిపోయాడు. ఎవరో పట్టుకొచ్చారు.

సన్నాయి మొదలయ్యాక ఆ బెడద పోయింది. ఊళ్ళో భజన బృందంలో అతను తాళాలు వేసేవాడట. పేర్లు మర్చిపోయినవాడు తాళం మర్చిపోలేదు. బాగున్న చేత్తో మోకాలి మీద వేసుకుంటూ సాయంత్రం దాకా కూర్చునేవాడు.

"మావా, నానొచ్చీవరకూ లెగవకు" అనేది పైడమ్మ పొద్దున్నే.

"బజనవ్వకుండా నానెందుకు లెగుస్తానే?" అనేవాడు.

ఆమె నవ్వుకుంటూ తట్ట ఎత్తుకునేది. నేను ఎన్నో పెళ్ళిళ్ళకి పాడాను. నా పాట వల్ల ఒక మనిషికి నిజంగా మేలు జరగడం అప్పుడే చూశాను.

ఆ కచేరీ చివర మంగళం ఉంది. మనవాళ్ళకి అదొక అలవాటు. హరికథైనా భజనైనా, మంగళం వినబడితే లేచి నిలబడతారు, చేతులు జోడిస్తారు, చెప్పులు వెతుక్కుంటారు. మెట్ల మీద కూలీలూ అంతే. పేకముక్కలు పడేసి లేచారు. కచేరీ మళ్ళీ మొదటి నుంచి మొదలవగానే గురువులు, అతని వెనకే సిగ్గుపడుతూ మిగిలినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. పిచ్చేశ్వరరావు అది చూశాడు.

మర్నాడు కచేరీ తీయించేసి ఒక్క మంగళమే పెట్టించాడు. అయిపోగానే మళ్ళీ అదే.

"హారతి ఇచ్చి మరీ పొమ్మంటున్నార్రోయ్!" అని దానియేలు లేచాడు. తతిమ్మావాళ్ళు వెనకే లేచి, బైపాస్ దగ్గర చెట్ల కిందికి పోయారు. గురువులు సంగతి ఒకరు చూస్తారని ఇంకొకరు అనుకున్నారు. పైడమ్మ పొద్దున్నే పనికి వెళ్ళిపోయింది. ఆమెకిదేమీ తెలియదు.

గురువులు కూడా లేచాడు. నావైపు తిరిగి దణ్ణం పెట్టాడు. మెట్లు దిగుతుంటే జిలానీ అడిగాడు, "ఎక్కడికి పెద్దాయనా?"

"బజనయిపోనాది గదా బాబూ. ఇంటికెల్తన్నాను."

జిలానీ నవ్వాడు. ఇల్లంటే పక్క వీధి అనుకున్నాడు.

సాయంత్రం పైడమ్మ వచ్చేసరికి మెట్లు కడిగి ఉన్నాయి. జిలానీ తల వంచుకుని జరిగింది చెప్పాడు. ఆమె సెంటరంతా వెతికింది, పోలీసులకి చెప్పింది. మర్నాడు వచ్చి అతను కూర్చునే చోటే కూర్చుంది. మంగళం పెట్టారు. ఆమె లేవలేదు. మళ్ళీ పెట్టారు. లేవలేదు.

పిచ్చేశ్వరరావు బయటికి వచ్చాడు. "చూడమ్మా, మేమేం తరమలేదు. ఆయనంతట ఆయనే లేచి వెళ్ళాడు."

"మంగళం పాడీసినారు గదా బాబూ. పాడీసినాక కూకుంటాడేటి మనిసి?"

అతను చెవిలో దూది సర్దుకున్నాడు.

"మొన్నటి సన్నాయి ఎయ్యండి బాబూ. ఊళ్ళో ఏ మూలనున్నా ఇని వొచ్చీస్తాడు."

"అది వేస్తే వాళ్ళంతా మళ్ళీ వచ్చి కూర్చుంటారమ్మా" అని లోపలికి పోయాడు.

అతను భోజనానికి వెళ్ళినప్పుడు జిలానీ సన్నాయి పెట్టాడు. నా రేకు అదిరేలా పాడాను. బైపాస్ దాకా వినబడిందేమో, దానియేలు వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. సంగతి తెలిసి తలా ఒక దిక్కుకి వెతకడానికి పోయారు. గురువులు రాలేదు. పిచ్చేశ్వరరావు వచ్చి స్విచ్ ఆపాడు.

విజయనగరం వైపు సొంతూరికే బయల్దేరి ఉంటాడని పైడమ్మ రైలు పట్టాల వెంట నడిచి వెళ్ళింది. ఆమెకి కనబడ్డాడో లేదో నాకెవరూ చెప్పలేదు.

మెట్లు శుభ్రంగా ఉన్నాయని ఊరి పెద్దలు పిచ్చేశ్వరరావుకి సన్మానం పెట్టారు. ఆ మెట్ల మీదే కుర్చీలు వేశారు. శాలువా కప్పారు. కర్ర ఎత్తకుండా, మాట తూలకుండా, సంగీతంతో సెంటర్ని ఎలా బాగుచేశాడో చెప్పమన్నారు. అతను మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

నాలోంచి శబ్దం రాలేదు. వైర్లు మార్చారు, తట్టారు, ఊదారు. రాలేదు. అతను పెదాలు కదిలిస్తూ నిలబడ్డాడు. వెనక వరుసలో ఎవరో నవ్వారు.

మెకానిక్ వచ్చి కాయిల్ కాలిపోయిందన్నాడు. ఆ మాట మీదే నన్ను పాత ఇనప సామాన్ల కొట్టుకి తూకానికి వేశారు. ఇక్కడ విరిగిన ఫ్యాన్లు, సొట్టపోయిన బిందెల మధ్య ఉన్నాను. కొట్టతను అప్పుడప్పుడు వైరు తగిలించి "హలో, హలో" అంటాడు. బాగుపడితే అమ్ముకుందామని.

కాయిల్ కాలలేదు. ఆ రోజు నేనే నోరు విప్పలేదు. పాత సామాను కోసం వచ్చిన మీరు అడిగారని ఒక్కసారి చెప్పాను. ఇంకెవరైనా వచ్చి అడిగినా, మీరే మళ్ళీ వచ్చి అడిగినా, ఈ సంగతి నా నోట రాదు.