మూడు చిన్న గాట్లు

డ్రైవింగ్ నేర్పే టీచరమ్మకి అరవై ఎనిమిదేళ్లు. కారు షెడ్డులో ఒలికిన ఆయిలు మీద కాలు జారి కూలబడింది. కుడి తుంటి పటుక్కుమంది. ఏడవలేదు గానీ లేవలేకపోయింది.

ఆసుపత్రిలో ఆమెకన్నా తమ్ముడే ఎక్కువ బెంబేలెత్తిపోయాడు. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదని, ఎముక అతుక్కునేదాకా మంచం మీదే ఉంచి చూసుకుంటానని డాక్టరమ్మను బతిమాలాడు. తనను పక్కనబెట్టి సాగుతున్న ఆ మాటలన్నీ విని అక్క గొంతు సవరించుకుంది.

"విరిగింది నా కాలు. నాతో చెప్పండి డాక్టరుగారూ."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. జానెడు పొడవున కోయక్కర్లేదని, తొడ పక్కన మూడు చిన్న గాట్లు పెట్టి, ఎక్స్-రే తెర మీద చూసుకుంటూ ఎముక లోపలికి లోహపు కడ్డీ దింపి స్క్రూలతో బిగిస్తామని చెప్పింది. ప్రమాదమే లేదనలేదు. నెలల తరబడి మంచాన పడి ఉంటే మాత్రం ఊపిరితిత్తులకి నెమ్ము, కాళ్లలో రక్తపు గడ్డలు, అది ఇంకా ప్రమాదమంది.

"మరి లేచేదెప్పుడు?"

"రేపు ఆపరేషన్. ఎల్లుండి నిలబెడతాం. నొప్పుంటుంది."

"ఉండనివ్వండి," అని ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం తీసుకుని తనే సంతకం చేసింది. తమ్ముడు మొహం మాడ్చుకుని బయటికెళ్లిపోయాడు. అరగంటకి దుప్పటీ, దువ్వెనా పట్టుకొచ్చాడు.

ఆపరేషన్ బల్ల మీద నడుము కింద మొద్దుబారిందే తప్ప మెలకువగానే ఉంది. కడ్డీ దింపుతున్న సుత్తి చప్పుడు వింటూ పడుకుంది. గంటలో అయిపోయింది.

మర్నాడు ఫిజియోథెరపీ అమ్మాయి వాకర్ తెచ్చింది. కాలు నేల మీద ఆన్చగానే కళ్లు బైర్లు కమ్మాయి. టీచరమ్మ పళ్లు బిగించి కిందికే చూస్తోంది.

"కాళ్లకేసి చూడకండమ్మా. ఎదురుగా చూడండి," అంది ఆ అమ్మాయి.

కారు నేర్చుకునేవాళ్లకి నలభై ఏళ్లుగా ఆమె చెబుతున్న మాట అదే. నవ్వొచ్చింది, నవ్వితే తుంటి కలుక్కుమంది. తలెత్తి, కిటికీ వైపు మూడడుగులు వేసింది. సాయంత్రం ఇంకోసారి నడిపించమని తనే అడిగింది.

ఇంటికొచ్చాక ఒక వారం అడుగు సరిగ్గా పడలేదు. ఆ కసంతా తమ్ముడి మీద చూపించింది. అయినా అతను వెనకే నడిచాడు. ఆమె మాత్రం ఒక్కపూట కూడా నడక మానలేదు.

నాలుగో నెలలో మళ్లీ కారు నేర్పడానికి డాక్టరమ్మ సరేనంది. ఇన్నేళ్లూ కారు నేర్చుకోనని మొరాయించిన తమ్ముణ్ని టీచరమ్మ స్టీరింగు ముందు కూర్చోబెట్టి, పక్క సీట్లో తను కూర్చుంది. నేర్పేవాళ్ల కోసం అక్కడా ఒక బ్రేకు ఉంటుంది. మలుపులో అతను తడబడ్డాడు. ఆమె కుడికాలు ఠక్కున ఆ బ్రేకు నొక్కింది. కారు ఆగింది. తుంటి కాస్త సలిపింది, అంతే.

"మళ్లీ స్టార్ట్ చెయ్యి," అంది.