అక్క బండికి బిగించని క్లాంపు

ఈల మేస్త్రి షెడ్డు తెరిచాక ముందు చేసే పని టీ తాగడం కాదు. నిన్న వచ్చి ఆగిన డీజిల్ బళ్ళ దగ్గరికెళ్ళి, ఒక్కోదాని ఆయిల్ పుల్ల పైకి లాగి, ఆ చుక్కని రెండు వేళ్ళ మధ్య రుద్దుతాడు. వాసన చూస్తాడు. "దీనికింకా ప్రాణం ఉంది" అంటాడు ఒకదాన్ని చూసి. ఇంకోదాన్ని చూసి "ఛీ, ఇది ఆయిలా, తారా?" అని, ఓనరు అక్కడ లేకపోయినా సరే, ఓనర్ని నాలుగు తిడతాడు. ఆ తర్వాతే టీ.

ఈల మేస్త్రి అన్న పేరు ఊరికే రాలేదు. పికప్ బండి వీధి మలుపు తిరిగేలోపే దాని టర్బో వేసే ఈల విని, లోపల ఏం జరుగుతోందో చెప్పేస్తాడు. టర్బో అంటే పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు. పొగ పోయే దారిలో ఒక చిన్న చక్రం, గాలి వచ్చే దారిలో ఇంకో చక్రం, రెంటినీ కలుపుతూ వేలెడంత కడ్డీ. బయటికి పోయే పొగ ఒకదాన్ని తిప్పితే, రెండోది గాలిని ఇంజిన్లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ, అంతే కథ. కాకపోతే ఆ కడ్డీ తిరిగే వేగానికి సన్నటి ఆయిల్ పొర ఒక్కటే దిక్కు. శుభ్రమైన ఆయిలూ శుభ్రమైన గాలీ ఇస్తే బండి ముసలిదయ్యేదాకా నోరెత్తదు. ఇవ్వకపోతే నిలువునా ముంచుతుంది.

కొత్తగా పికప్ కొన్నవాళ్ళందరికీ ఒకటే తొందర. "మేస్త్రీ, పవర్ బాక్స్ పెట్టెయ్, బండి గాల్లో ఎగరాలి!"

"ఎగురుదువుగానీ, ముందు నడవడం నేర్చుకో" అంటాడు మేస్త్రి. "మొదట పాత పైపులు చూద్దాం. ఫిల్టర్ మారుద్దాం. టర్బో ఎంత గాలి తోస్తోందో చూపించే మీటరు పెడదాం. పొగగొట్టం కాస్త వెడల్పు చేద్దాం. పవర్ అన్నిటికంటే చివర. పొద్దున్నే స్టార్ట్ చేయగానే తొక్కేయకు. కొండెక్కొచ్చాక టక్కున ఆపేయకు. ఇంజిన్‌ని కాసేపు ఊరికే తిరగనిస్తే లోపలి వేడి దిగుతుంది. లేదంటే ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది, తర్వాత నన్నని లాభం లేదు."

పని అయ్యాక పైపుల మీది క్లాంపులన్నీ ఒక్కోటీ స్క్రూడ్రైవర్‌తో బిగించి, బిగించినదాని మీద తెల్ల పెయింట్ చుక్క పెడతాడు. చుక్కల్లేకుండా ఏ బండీ షెడ్డు దాటదు. ఒక్క అక్క బండి తప్ప.

అక్క అంటే సొంత అక్కే. చిన్నప్పుడు వీణ్ణి చంకనేసుకుని తిప్పినావిడ. కొండ మీద కడుతున్న ఇళ్ళకి టైల్సూ సిమెంట్ బస్తాలూ తన పికప్‌లో చేరవేస్తుంది. అక్కకీ ఆ పికప్‌కీ ఊపిరి ఒక్కటే, బండి కొన్న రోజు నుంచీ అంతే. ఫిల్టర్ నిండితే అక్కకి తుమ్ములు పట్టుకుంటాయి. చలి పొద్దుల్లో ఇంజిన్ వేడెక్కేదాకా అక్కకి గొంతు పెగలదు. క్లినిక్‌కి వెళ్తే డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి విని, "ఆయిల్ ఎప్పుడు మార్చావు?" అని అడిగి, మందులు రాయకుండా తమ్ముడి దగ్గరికి పంపేస్తుంది. ఫీజు మాత్రం వదలదు.

ఎండలు ముదిరాక అక్క షెడ్డుకొచ్చి, "ఒరేయ్, నిండా బరువేస్తే కొండెక్కలేక ఆయాసపడుతున్నాం. ఏదైనా చెయ్యి" అంది.

చేశాడు. అయితే ఇంటి మనిషి పని ఎలా చేస్తారో మనకి తెలియంది కాదు. బయటి బళ్ళ మధ్యలో, తీరిక దొరికినప్పుడల్లా కొంచెం కొంచెం. మీటరు తర్వాత పెట్టొచ్చులే, అక్కే కదా. పొగగొట్టం వచ్చే నెల చూద్దాంలే, అక్కే కదా. కొత్త ఫిల్టరూ, పవర్ బాక్సూ మాత్రం పెట్టేశాడు. ఫిల్టర్‌ని పైపుకి పట్టి ఉంచే క్లాంపుని చేత్తో తిప్పుతుండగా బయట ఒక లారీ ఓనరు గట్టిగా కేకేశాడు. వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అక్క తాళాలు చేత పట్టుకుని నిలబడి ఉంది.

"చుక్కలు పెట్టలేదేంట్రా?"

"నీ బండికి చుక్కలేంటక్కా? నా చేతి మీద నమ్మకం లేదా?"

"ఎందుకు లేదు?" అంటూ నవ్వి ఎక్కింది.

మొదటి వారం అక్క ఆనందం చెప్పనలవి కాదు. కొండని పరుగున ఎక్కేస్తోందట. తర్వాత దగ్గు మొదలైంది. పొడి దగ్గు, గొంతులో ఇసుక పోసినట్టు. డాక్టరమ్మ గొట్టం పెట్టి వింది, మొహం చిన్నబుచ్చుకుంది, తమ్ముడి దగ్గరికి పొమ్మంది.

మేస్త్రి బానెట్ ఎత్తాడు. ఫిల్టర్ క్లాంపు వదులుగా వేలాడుతోంది. ఆ సందులోంచి కొండ దారి దుమ్మూ, సిమెంట్ పొడీ నేరుగా లోపలికి వెళ్ళాయి. పైపు ఊడదీసి వేలు పెట్టాడు. టర్బో రెక్కల అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. చక్రం పట్టుకుని కదిపితే కడ్డీ అటూ ఇటూ ఆడుతోంది. అక్క వెనకాలే నిలబడి దగ్గుతోంది.

అప్పుడే చెప్పేసి ఉంటే ఏ గొడవా లేదు. ఒక్క మాట! చెప్పలేదు. గుడ్డతో పైపులో దుమ్ము తుడిచేశాడు. క్లాంపు బిగించాడు. పెయింట్ డబ్బా తీసి దాని మీద తెల్ల చుక్క కూడా పెట్టాడు, సిగ్గులేకుండా.

"ఏంట్రా, ఏమైంది?"

"ఏమవుతుంది? కొండెక్కొచ్చి వేడి బండిని టక్కున ఆపేస్తున్నావు. ఎన్నిసార్లు చెప్పానక్కా?"

నోరు జారిందందామా అంటే, జారలేదు. తెలిసే అన్నాడు.

అక్క తల దించుకుంది. "నిజమేరా. మొన్న కూడా సిమెంట్ దింపే తొందర్లో టక్కున ఆపేశా. నాదే తప్పురా. పాపం అంత కష్టపడి చేసిచ్చావు, చేజేతులా పాడుచేసుకున్నాను."

ఆ "పాపం" అన్న మాట మేస్త్రికి ముల్లులా దిగింది. ఆ రోజు అన్నం సహించలేదు.

అప్పటినుంచీ అక్క బండి ఆపడానికే భయపడేది. ఇంటి ముందుకొచ్చాక ఇంజిన్ తిరుగుతుంటే సీట్లోనే కూర్చునేది. పావుగంట, అరగంట. బావ టైలరు. వరండాలో మిషను తొక్కుతూ ఆవిడ కోసం చూసీ చూసీ, చివరికి టీ గ్లాసు బండి దగ్గరికే మోసుకెళ్ళేవాడు. ఒక సాయంత్రం మేస్త్రి అటు వెళ్తే బావ గుమ్మంలోనే ఆపాడు.

"రావయ్యా. మీ అక్క నన్నొదిలేసి బండితో కాపురం పెట్టింది. వేడి దిగాలట, వేడి!" అని నవ్వబోయి, నవ్వలేక ఆగిపోయాడు.

బండిలో అక్క డాష్‌బోర్డ్ మీద చెయ్యి వేసి నిమురుతోంది. "ఏమనుకోకే, ఇంకెప్పుడూ అలా చెయ్యను" అంటోంది. అనడం, దగ్గడం. మేస్త్రి లోపలికి వెళ్ళలేకపోయాడు. ఏదో పనుందని చెప్పి వెనక్కి తిరిగాడు. దొంగలా నడిచాడు సొంత అక్క వీధిలో.

ఇంకొన్నాళ్ళకి బావే షెడ్డుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బండి అమ్మేస్తానంటోందయ్యా. నాకు నడపడం చేతకాదు, నా చేతుల్లో అది చచ్చిపోతోంది అంటోంది. ఐసు బండాయన సంగతి నీకు తెలుసుగా? బండి అమ్మేసిన రోజునుంచీ ఊపిరి దాంతోనే పోయింది, ఇవాళ్టికీ రెండు మెట్లెక్కలేడు. అదే చెప్పాను. మంచం మీద కూర్చునైనా బతుకుతాను గానీ దాన్ని చంపలేనంది. నువ్వు చెబితే వింటుంది. తప్పు తనది కాదని ఒక్క మాట చెప్పవయ్యా, అబద్ధమైనా ఫర్వాలేదు."

అబద్ధమైనా ఫర్వాలేదట! మేస్త్రికి చెంప మీద కొట్టినట్టయింది. "ముందు బండి పంపించు బావా, సర్వీస్ చేస్తాను" అని మాత్రం అనగలిగాడు.

బయటి బళ్ళన్నీ పక్కన పెట్టాడు. కొత్త టర్బో తెప్పించాడు. ఆయిల్ పైపు విప్పి కడిగాడు. స్టార్ట్ చేసే ముందు టర్బో నోట్లో శుభ్రమైన ఆయిల్ పోసి చక్రాన్ని వేలితో తిప్పాడు. అప్పుడు పెట్టని మీటరు పెట్టాడు, పొగగొట్టం మార్చాడు, ప్రతి క్లాంపు మీదా చుక్క పెట్టాడు. మొదటిసారే చేయాల్సినవన్నీ. ఇంజిన్ కొత్తదానిలా సన్నగా ఈల వేసింది. హమ్మయ్య అనుకున్నాడు. గండం గడిచింది, ఇక చెప్పాల్సిన పనే లేదనుకున్నాడు.

అక్క వచ్చి ఒక చుట్టు తిప్పి, దిగి, షెడ్డు గోడ పట్టుకుని దగ్గింది. మునుపటికంటే ఎక్కువగా.

"ఏం చేశావురా?"

"చిన్న సర్వీసే అక్కా."

"బండి బంగారంలా ఉంది. నాలోనే ఏదో చెడిపోయిందిరా. మంచిదేలే, కొనేవాళ్ళకి మంచి బండి దొరుకుతుంది. రేపొస్తున్నారు." తమ్ముడి భుజం తట్టి వెళ్ళిపోయింది.

మేస్త్రి లోపలికొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఎదురుగా బల్ల మీద విప్పిన పాత టర్బో ఉంది. ఎవరూ ముట్టుకోకుండానే దాని చక్రం తిరుగుతోంది. కొంచెం తిరుగుతుంది, పట్టేస్తుంది, మళ్ళీ ఈడ్చుకుంటూ తిరుగుతుంది. చెవి దగ్గర పెట్టాడు. లోపల అక్క దగ్గుతోంది. రెండు దగ్గుల మధ్య, "నాదే తప్పురా" అంటోంది.

అక్క ఊపిరి కొత్త టర్బోలోకి ఎక్కనే లేదు. ఏ మాట దగ్గర ఆగిందో అక్కడే ఉండిపోయింది. దాన్ని కదపడానికి తన దగ్గరున్న పానాలేవీ పనికిరావని మేస్త్రికి అర్థమైంది. టర్బోని గుడ్డలో చుట్టుకుని, షెడ్డు మూయకుండానే, మిట్టమధ్యాహ్నం ఎండలో అక్క ఇంటికి నడిచాడు.

అక్క మంచమ్మీద గోడకానుకుని ఉంది. బావ మిషను తొక్కుతున్నాడు. మేస్త్రి గుడ్డ విప్పి ఆ ఇనుప ముద్దని అక్క కాళ్ళ దగ్గర పెట్టాడు.

"క్లాంపు నేనే బిగించలేదక్కా. చేత్తో తిప్పి వదిలేశాను. దుమ్మంతా అందులోంచే వెళ్ళింది. నువ్వు దగ్గుతూ వచ్చిన రోజే చూశాను. చూసి, తుడిచేసి, నీ మీదికి తోశాను."

మిషను ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు" అంది అక్క.

మళ్ళీ చెప్పాడు. రెండోసారి ఇంకా కష్టమైంది.

నేల మీద చక్రం వేగం అందుకుంది. అక్క ఛాతీ నిండింది, ఇంకా నిండింది. ఎక్కడిదో ఆ గాలంతా, ఒక్క బిగిన మొదలుపెట్టింది. "ఒరేయ్ దగుల్బాజీ, ఊళ్ళోవాళ్ళందరి బళ్ళకీ చుక్కలు పెట్టే చేతికి నా బండి దగ్గర పక్షవాతమొచ్చిందట్రా, నెల్లాళ్ళు ఆ సీట్లో కూర్చుని ఇనుముకి దణ్ణాలు పెట్టానే, అన్నం మానేశానే, నాకేదీ చేతకాదని నన్ను నేను తిట్టుకుంటుంటే కళ్ళారా చూస్తూ ఎలా ఊరుకున్నావురా, క్లాంపు మర్చిపోతే మర్చిపోయావు, మనుషులన్నాక మర్చిపోతారు, ఏడ్చే అక్క మీదికి తప్పు తోయడానికి నీకు నోరెలా వచ్చిందిరా!"

ఎక్కడా ఆగలేదు. ఎక్కడా దగ్గలేదు. బావ కత్తెర పట్టుకుని అలాగే నోరు తెరుచుకుని చూశాడు. పాత టర్బో చివరిసారి గిర్రున తిరిగి ఆగిపోయింది.

అదే క్షణంలో ఆ పొడి దగ్గు మేస్త్రికి పట్టుకుంది. గుమ్మం పట్టుకుని వంగిపోయాడు.

"అరెరె, నీకెక్కిందా?" అన్నాడు బావ, మంచినీళ్ళకి లేస్తూ.

"ఎక్కనీండి" అంది అక్క. బండి మాత్రం అమ్మలేదు.

ఇప్పుడు ఆ పికప్‌కీ మేస్త్రికీ ఊపిరి ఒక్కటే. అక్క కొండెక్కే వేళకి ఈల మేస్త్రి పానా కింద పెట్టి బల్ల పట్టుకుని నిలబడతాడు. షెడ్డుకొచ్చినవాళ్ళు ఆయన మొహం చూసి, అక్క మలుపులు దాటేదాకా మాట్లాడకుండా ఆగుతారు. క్షమించానని అక్క ఎప్పుడూ అనలేదు. అడిగే ధైర్యం మేస్త్రికి ఇంకా రాలేదు.

మొన్న అక్క షెడ్డు ముందు బండి దిగుతూనే అడిగింది. "ఎలా ఉందిరా ఇవాళ?"

"బానే ఉందక్కా" అన్నాడు. అనగానే ఊపిరి సగంలో బిగుసుకుపోయింది. అక్క చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

"బరువు మీద బుస్సుమని కొడుతోంది" అన్నాడు మెల్లగా. "టర్బోనించి గాలి వెళ్ళే పైపు సరిగ్గా కూర్చోలేదు."

"ఎవరు కూర్చోబెట్టారు?"

"నేనే."

అన్నాడో లేదో, గాలి గుండె అడుగుదాకా వెళ్ళింది.